సైతానుకు తప్పు టైము

ఈ లోకంలో సైతానును ఓడించినవాళ్ళు ఇంతవరకు ఇద్దరే. ఒకరు యేసు ప్రభువు. రెండోది మా అమ్మమ్మ ఫిలుమేనా. ప్రభువుకు ఎడారిలో నలభై రోజులు పట్టింది. మా అమ్మమ్మకు వీధి గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. పైగా ప్రభువు ఉపవాసం ఉండి గెలిచాడు. మా అమ్మమ్మ ఏదో ఒకటి నములుతూనే గెలుస్తుంది.

ఆమె ఆయుధం ఒక్కటే. మంచి విషయం ఏదీ, ఎప్పుడూ, ఎవరికీ సరిగ్గా చెప్పదు.

దీనికంతటికీ మూలం మా ఊరు సిజ్జీవీలోని చర్చి. దాని నెత్తిమీద రెండు గడియారాలున్నాయి. కుడివైపుది సరైన టైము చూపిస్తుంది. ఎడమవైపుది తప్పు టైము. పూజ ఎన్నింటికో తెలియక సైతాను తికమకపడాలని పూర్వం పెద్దవాళ్ళు చేసిన ఏర్పాటు అది. మా దీవిలో చాలా చర్చిలకు ఇలాగే ఉంటుంది. అందరూ దాన్ని చూసి నవ్వుకుని, కుడి గడియారం చూసుకుని తమ పనికి తాము పోతారు. మా అమ్మమ్మ మాత్రం ఏడేళ్ళ వయసులో ఆ ఎడమ గడియారం కింద నిలబడి, ఇదేదో పనికొచ్చేలా ఉందే అనుకుంది. చర్చికే రెండు అవసరమైనప్పుడు మనమెంత అని, ఆ రోజు నుంచి తన నోటిని ఎడమ గడియారం చేసేసింది. అందుకే రికార్డుల్లో మా ఇంటిపేరు ఏదైనా ఊళ్ళో మమ్మల్ని పిలిచేది మాత్రం ‘గడియారం వాళ్ళు’ అని.

ఆడపిల్లనైన నేను పుట్టినప్పుడు మగపిల్లాడు పుట్టాడని వీధంతా చెప్పింది. చూడడానికి వచ్చినవాళ్ళు నీలం చొక్కాలు, నీలం టోపీలు, నీలం దుప్పట్లు తెచ్చారు. నా మొదటి ఏడాది ఫోటోలన్నిటిలో నేనొక పొట్టి పోలీసులా ఉంటాను. మా మామయ్య పెళ్ళికి ముందురోజు, పెళ్ళి ఆగిపోయిందని కూరల బండి దగ్గర చెప్పి వచ్చింది. మర్నాడు సగం చుట్టాలు ఓదార్చడానికి నల్లబట్టలు వేసుకుని వచ్చారు. ఏడుపుమొహాలున్న పెళ్ళికి సైతాను రాడట. మామయ్యకు పెళ్ళై ఇరవై రెండేళ్ళయింది, కాపురం చక్కగా ఉంది. “చూశావా?” అంటుంది అమ్మమ్మ.

చెడ్డ విషయాలు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది. జ్వరం ముప్పైతొమ్మిది డిగ్రీలంటే ముప్పైతొమ్మిదే. శవయాత్ర పదింటికంటే పదింటికే. “అవన్నీ వాడు పంపినవేగా. వాడి దగ్గర దాచేదేముంది?” అంటుంది.

మరి ఇంట్లోవాళ్ళకు మంచివార్త తెలిసేదెలా? పిండి ద్వారా. వంటింటి బల్ల మీద గుప్పెడు పిండి చల్లి, చూపుడు వేలితో అంకె రాసి, మనం చూశామా లేదా అని కనుబొమ్మ ఎగరేసి, అరచేత్తో తుడిచేస్తుంది. సైతానుకు చెవులున్నాయి గాని చదువు లేదని ఆమె గట్టి నమ్మకం. “చదువుకుని ఉంటే వాడికి ఆ ఉద్యోగం ఎందుకు?”

ఈ పిండి భాగ్యం లేనివాళ్ళలో మొదటివాడు ఎదురింటి విస్టిన్ తాత. ఒకప్పుడు సొంత బస్సు నడిపేవాడు. ఆరేళ్ళ కిందట భార్య రీటా పోయింది. మా ఇంటిపక్కనే ఉన్న, ఊరి బ్యాండు మేళంవాళ్ళ క్లబ్బులో ప్రతి గురువారం తంబోలా ఆడతారు. ఆరింటికి మొదలవుతుంది. గురువారం పొద్దున మా అమ్మమ్మ కిటికీలోంచి అరుస్తుంది: “విస్టిన్, ఇవాళ తంబోలా నాలుగింటికి.” సరిగ్గా నాలుగింటికి ఆయన తల దువ్వుకుని, క్లబ్బు తాళాన్ని ఓసారి పలకరించి, మా వంటింట్లోకి వస్తాడు.

“ఫిలుమేనా, క్లబ్బు మూసుంది.”

“ఓహో. అయితే ఆరింటికేమో.”

“పొద్దున నాలుగన్నావు.”

“వాడు వింటున్నాడు మరి.”

“వాడి సంగతేమో గాని నేను విన్నాను.”

“వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు. ఆ బఠాణీలు వలువు. ఫోను ఇటివ్వు.”

ఫోన్లోంచి కూడా సైతాను వింటాడని ఆయన ఫోను తీసుకుని పిండి డబ్బాలో పడేసి మూత బిగిస్తుంది. ఆయన బఠాణీలు వలుస్తాడు, టొమాటో రుద్దిన రొట్టె తింటాడు, గాజుగ్లాసులో డబ్బాపాల టీ తాగుతాడు. ఆరింటికి ఫోను దులుపుకుని తంబోలాకు వెళ్తాడు. మళ్ళీ గురువారం మళ్ళీ నాలుగింటికి వస్తాడు. అయిదేళ్ళుగా ఇదే తంతు. మా దీవి మొత్తంలో ఇంతకంటే అమాయకుడు ఉండడని నేను అనుకునేదాన్ని.

ఇక ఇలేనియా అనే నా సంగతి. పదహారో ఏట బడికీ నాకూ ఒకరంటే ఒకరికి విసుగు పుట్టి విడిపోయాం. తర్వాత నాలుగేళ్ళు ఊరూరా చర్చి పండుగల్లో అమ్మమ్మతో బండి పెట్టాను. ఆమె ఖర్జూరం నింపిన ఇమారెత్‌లు నూనెలో వేయించేది. నేను వాటి పేరు పెట్టి అరిచేదాన్ని. పండుగలు అయిపోతే పనీ అయిపోయేది.

మా దీవిలో చదువు అబ్బనివాళ్ళకైనా, అబ్బినవాళ్ళకైనా ఇప్పుడు స్వర్గం ఒక్కటే. గేమింగ్. ఫోన్లో జూదం ఆడించే కంపెనీలు. గ్జీరా ఊళ్ళో సముద్రపు ఒడ్డున వాటి అద్దాల మేడలు వరసగా ఉంటాయి. మా పిన్ని కొడుకు క్లేటన్ అందులో ఒకదాంట్లో చేరి ఏడాది తిరక్కుండా మోటారు సైకిలు కొన్నాడు. “కాఫీ ఊరికే. పళ్ళు ఊరికే. చెప్పులు లేకుండా తిరగొచ్చు, ఎవరూ ఏమీ అనరు” అని చెప్పాడు. నేను నలభై ఒక్క కంపెనీలకు అర్జీ పెట్టాను. నలభై కంపెనీలు నేను పుట్టలేదన్నట్టే ఊరుకున్నాయి. నలభై ఒకటోది మాత్రం రమ్మంది. దాని పేరెందుకులే. గుర్తుగా నవ్వే నిమ్మకాయ బొమ్మ ఉంటుంది. మార్కెటింగ్‌లో సహాయకురాలి ఉద్యోగం.

అర్జీ రాసింది క్లేటనే. అందులో మా ఇమారెత్ బండి ‘ఎఫ్. స్వీట్స్’ అయింది. నేను అరవడం ‘వినియోగదారులతో నేరుగా సంభాషణ’ అయింది. గత యజమాని: శ్రీమతి ఎఫ్. కింద మా ఇంటి ఫోను నంబరు.

“అన్నయ్యా, నిజంగా ఫోను చేస్తే?”

“ఎవరూ చెయ్యరే. రాయమంటారంతే.”

“చేస్తే ఎత్తేది అమ్మమ్మ.”

క్లేటన్‌కు ఆ ప్రమాదం బాగా తెలుసు. వాడి జ్ఞానస్నానం రోజు కూడా నీలం బదులు గులాబీరంగు బట్టలే వచ్చాయి. “దేవుణ్ణి తలుచుకో” అన్నాడు.

మంగళవారం ఇంటర్వ్యూ. అమ్మమ్మ ముందే వీధిలో ప్రకటన చేసింది, నేను పన్ను పీకించుకోవడానికి వెళ్తున్నానని. బస్సు స్టాపులో అందరూ నా దవడ వంకే జాలిగా చూశారు. మా వీధిలోని జుజా అత్త లవంగం ఒకటి నా చేతిలో పెట్టి, “కొరికి పట్టుకో, అమ్మా. భయపడకు. ఇప్పుడు సూదిమందు ఇస్తున్నారు” అంది. నిజంగానే భయంగా ఉందేమో, గ్జీరా దాకా ఆ లవంగాన్ని కొరికి పట్టుకునే కూర్చున్నాను.

ఇంటర్వ్యూ చేసినావిడ పేరు లిన్నేయా. స్వీడన్ మనిషి. క్లేటన్ చెప్పింది నిజమే, కాళ్ళకు చెప్పుల్లేవు.

“ఎఫ్. స్వీట్స్‌లో ప్రచారమంతా మీరే చూసేవారా?”

“నేనే చూసేదాన్నండి. గొంతుతో.”

ఆవిడ అది రాసుకుంది. తర్వాత ఒక కాగితం నా ముందుకు తోసింది. “మా దగ్గర ఆడి, నెల రోజులుగా రావడం మానేసిన కస్టమరు ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయన్ను మళ్ళీ రప్పించాలి. రెండు వాక్యాలు రాయండి.”

నాకు మా బండి గుర్తొచ్చింది. రోజూ వచ్చేవాళ్ళు రాకపోతే ఏమంటామో అదే రాసేశాను: ‘నిన్న మీరు రాలేదు. మీ వాటా తీసి ఉంచాం, చల్లారిపోతోంది.’

లిన్నేయా రెండుసార్లు చదివి నవ్వింది. ఆవిడ సంతోషంగా వాళ్ళ పని గురించి చెప్పింది. సందేశాలన్నీ సాయంత్రం నాలుగింటికి పంపుతారట. ముఖ్యంగా పెద్దవాళ్ళకు. మధ్యాహ్నం నిద్ర లేచి, ఇంట్లో ఎవరూ లేక, ఏమీ తోచక కూర్చునే వేళట అది. లెక్కలు చూసి కనిపెట్టారట. నేను కూడా భలే కనిపెట్టారే అన్నట్టు తల ఊపాను.

“అంతా బాగుంది. రేపో ఎల్లుండో మీ పాత యజమానికి ఫోను చేసి మాట్లాడతాను.”

“చెయ్యకపోతే ఏమవుతుందండీ?”

“చెయ్యకపోతే ఉద్యోగం ఇవ్వడం కుదరదు” అంది లిన్నేయా. “మాది లైసెన్సున్న కంపెనీ.”

ఇంటికి వచ్చీ రాగానే విషయం చెప్పేశాను. “అమ్మమ్మా, ఒకావిడ ఫోను చేస్తుంది. నా గురించి అడుగుతుంది. ఈ ఒక్కసారికి నిజం చెప్పు.”

“గట్టిగానా?”

“ఫోన్లో గట్టిగానే చెప్పాలి కదా.”

“పిండిలో రాసి పంపితే?”

“కుదరదు.”

“అయితే నిజమూ కుదరదు. ఆ తీగలో ఎవడు కూర్చుని వింటున్నాడో నీకేం తెలుసు?”

“మన ఫోనెవడు వింటాడు? మనకు ఫోనున్న సంగతి ఫోను కంపెనీకే గుర్తులేదు.”

“ఉద్యోగం మంచిదేనా?”

“చాలా మంచిది.”

“అయితే నాకొదిలేయ్” అని కన్ను కొట్టింది. ఆ కన్నుకొట్టుడు చూశాక నాకు అన్నం సయించలేదు.

బుధవారం పొద్దున మొహం కడుక్కుంటుంటే ఉపాయం తట్టింది. చెడ్డ విషయాలకు అమ్మమ్మ నిజమే చెబుతుంది కదా. ఈ ఉద్యోగం చెడ్డదని నమ్మించగలిగితే చాలు, ఫోన్లో నా గురించి నిజమే చెబుతుంది. నా నిజం మరీ అంత చెడ్డగా ఉండదని నా ధైర్యం. నాలుగు అబద్ధాలు కల్పించుకుని వంటింట్లోకి వెళ్ళాను. విచిత్రమేమిటంటే ఒక్కటీ వాడాల్సిన అవసరం రాలేదు.

“అమ్మమ్మా, నిన్న మంచిదన్నాను గాని, ఆలోచిస్తే అంత మంచి ఉద్యోగం కాదు.”

“ఫోన్లో జూదం కంపెనీయేగా. క్లేటన్ చేసేది. పాపం వాడికి చెప్పులు కూడా ఇవ్వరట.”

“అదే. అక్కడ నా పనేమిటంటే, ఆట మానేసి వెళ్ళిపోయినవాళ్ళను మళ్ళీ రమ్మని పిలవాలి.”

పిండి పిసుకుతున్న చేయి కొంచెం నెమ్మదించింది. “ఎందుకు మానేశారు?”

“చాలామంది పోగొట్టుకునే మానేస్తారు.”

“మానేసినవాణ్ణి పిలుస్తారా?”

“తియ్యగా పిలవాలి. మిమ్మల్ని తలుచుకుంటున్నాం అని.”

“తలుచుకుంటారా?”

“లేదు. కంప్యూటరు పంపుతుంది.”

“ఎన్నింటికి?”

ఇదేం ప్రశ్న అనుకున్నాను. “నాలుగింటికి. అప్పుడు పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటారట.”

చేయి ఆగిపోయింది. అమ్మమ్మ కిటికీలోంచి ఎదురింటి వైపు చూసింది. “నాలుగింటికని వాళ్ళకెవరు చెప్పారు?”

“లెక్కలు చూసి కనిపెట్టారు.”

“అయితే వాడికి చదువొచ్చిందన్నమాట” అంది అమ్మమ్మ. పిండిని రెండు పిడికిళ్ళతో గుద్దడం మొదలుపెట్టింది. ఉపాయం పారిందని నేను సంబరపడ్డాను.

గురువారం మధ్యాహ్నం మూడుంబావుకు ఫోను మోగింది. నేను అందుకునేలోపే అమ్మమ్మ ఎత్తింది. నేను మెట్ల మీద కూర్చుని, కేక బయటికి రాకుండా పిడికిలి నోట్లో పెట్టుకున్నాను.

“ఆ, ఫిలుమేనానే. యజమానినే. బండి నాది, మూకుడు నాది… ఇలేనియానా? ఆ పిల్ల మీకెందుకమ్మా?”

పిడికిలి ఇంకొంచెం లోపలికి వెళ్ళింది.

“పొద్దున లేవదు. చర్చి గంట కొట్టినా లేవదు. పునీత నికొలాసు పండుగకు పక్కవీధిలో టపాసుల మోతకు కిటికీ అద్దాలు పగిలాయి. అప్పుడూ లేవలేదు… బడా? బడి మధ్యలో మానేసింది. తెలివి ఉంది. ఎక్కడో పెట్టింది, ఎక్కడ పెట్టిందో దానికే గుర్తులేదు.”

అటువైపు ఏదో అడిగారు.

“అమ్మకమా? దానికి అమ్మడం రాదు. పిల్లలు మూడో పొట్లం అడిగితే, కడుపునొప్పొస్తుంది ఇంటికి పొండి అంటుంది. ఒక ముసలాయన రోజూ వచ్చి కొనుక్కుంటుంటే, మీకు షుగరుంది కదా అని డబ్బులు తిరిగిచ్చి పంపించేసింది. నేను చూడలేదనుకుంది. బేరం వచ్చిన ప్రతివాణ్ణీ ఇంటికి పంపేసే మనిషి మీకెందుకు? వద్దు, నా మాట విను… నీదే ఊరు? స్వీడనా? అంత చలిలో అమ్మ ఒక్కతే ఉందా? ఫోను చేస్తుంటావా? ఎన్నాళ్ళకోసారి?”

ఇరవై నిమిషాలు మాట్లాడింది. చివరి పది నిమిషాలు లిన్నేయా వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించే.

మెట్ల మీద కూర్చుని నేను చిక్కు విప్పుకోవడం మొదలుపెట్టాను. లేవకపోవడం నిజం. షుగరు ముసలాయన కూడా నిజమే. అంటే ఇది కుడి గడియారం. అంటే ఉద్యోగం చెడ్డదని నేను చెప్పింది నమ్మింది. అంటే నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. కాదూ, ఉద్యోగం రావాలని కోరుకుని, దిష్టి తగలకుండా ఎడమ గడియారం తిప్పిందా? అయితే ఆ కోరుకునేదేదో మనసులో కోరుకుంటే పోయేది. ఎటు తిప్పి చూసినా ఉద్యోగం మాత్రం గోవిందా.

కిందికి దిగాను. “అమ్మమ్మా, నువ్వు చెప్పింది నిజమా, అబద్ధమా?”

“చెప్పినదాంట్లో ఏది?”

“మొత్తం.”

“మొత్తంగా ఎవడు మాట్లాడతాడే?” అని ఆరేసిన బట్టలు తియ్యడానికి డాబా మీదికి వెళ్ళబోతుంటే గుమ్మంలో గొంతు వినిపించింది.

“ఫిలుమేనా, క్లబ్బు మూసుంది.”

“ఓహో. అయితే ఆరింటికేమో. ఫోను ఇటివ్వు.”

ఫోను పిండి డబ్బాలోకి వెళ్ళింది. అమ్మమ్మ డాబా ఎక్కింది. విస్టిన్ తాత బఠాణీలు ముందేసుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని, నలభై రెండో కంపెనీ ఎక్కడ దొరుకుతుందా అని ఏడుపు దిగమింగుకుంటున్నాను. అప్పుడు పిండి డబ్బా గుర్రుమంది.

మూత తీశాను. పిండిలో సగం మునిగిన ఫోను మీద నిమ్మకాయ ఒకటి నవ్వుతోంది. కింద రాసి ఉంది: ‘విస్టిన్, నిన్న మీరు రాలేదు. మీ వాటా తీసి ఉంచాం, చల్లారిపోతోంది.’

నా వాక్యాలే. ఇంకా ఉద్యోగం ఇవ్వనైనా లేదు, అప్పుడే పనిలో పెట్టేశారు. గడియారం చూశాను. నాలుగు దాటి మూడు నిమిషాలు.

“రమ్మంటున్నారా?” అన్నాడు విస్టిన్ తాత, బఠాణీల మీంచి తల ఎత్తకుండానే.

ఫోను పిండిలోంచి తీసి ఆయన వైపు తిప్పాను.

“మా రీటా పోయాక మొదలుపెట్టాలే. ఆవిడా నేనూ నాలుగింటికి టీ తాగేవాళ్ళం. ఆవిడ పోయాక ఆ టైముకు ఏం చెయ్యాలో తెలియక ఫోను పట్టుకున్నా. బస్సు అమ్మిన డబ్బంతా అందులోకే ఎక్కింది. నలభై ఏళ్ళు ఊరందర్నీ ఎక్కించుకున్న బస్సు, ఆఖరికి అదే ఫోనులోకి ఎక్కేసింది.” తన మాటకు తనే కొంచెం నవ్వుకున్నాడు. “అప్పటి నుంచి మీ అమ్మమ్మ టైములు తప్పు చెప్పడం మొదలుపెట్టింది. గురువారం తంబోలా. సోమవారం జపమాల ప్రార్థన నాలుగింటికంది, అది అయిదింటికి. బుధవారం బ్యాండు సాధన అంది, అసలు బుధవారం సాధనే లేదు.”

“మరి… తంబోలా ఆరింటికని మీకు తెలుసా?”

“నేను బస్సు నడిపినవాణ్ణి, ఇలేనియా. టైము తెలియదనుకున్నావా?”

“తెలిసీ అయిదేళ్ళుగా వస్తున్నారా?”

“మనల్ని మోసం చెయ్యడానికి మనిషి అంత కష్టపడుతోంది” అన్నాడు తాత, ఒక కాయ విప్పి గింజలు గిన్నెలో రాలుస్తూ. “మోసపోకపోతే ఏం మర్యాద?”

నాకు ఒక్కసారిగా వీధి వీధంతా కళ్ళముందు తిరిగింది. ఎక్కడికైనా గంట ఆలస్యంగా వెళ్ళే జుజా అత్తకు డాక్టరు టైము ఎప్పుడూ గంట ముందుగానే ఎందుకు చెప్పేదో తెలిసింది. నేను ఇన్నేళ్ళూ నవ్విన ఎడమ గడియారానికి లోపల యంత్రం సరిగ్గానే నడుస్తోంది. ఫోను మళ్ళీ పిండిలో పెట్టి, ఈసారి మూత నేనే బిగించాను.

మర్నాడు లిన్నేయా ఫోను చేసింది. ఉద్యోగం రాలేదని చెప్పడానికేననుకుని, ఎత్తేముందు లవంగం కోసం వెతికాను.

“ఉద్యోగం మీదే. సోమవారం చేరొచ్చా?”

“మా యజమాని… అంత చెడ్డగా చెప్పింది కదండీ.”

“పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నిజంగా పనికిరాని మనిషి గురించి ఎవరూ ఇరవై నిమిషాలు మాట్లాడరు. ఆవిడకు మిమ్మల్ని వదులుకోవడం ఇష్టం లేదు. అన్నట్టు, నిన్న మా అమ్మకు ఫోను చేశాను. రెండు నెలలైంది చేసి.”

“నా వాక్యాలు అప్పుడే పంపేశారు.”

“భలే పనిచేశాయి. అరవై దాటినవాళ్ళు ఎంతమంది తెరిచారో.”

వద్దని చెప్పడానికే నోరు తెరిచాను. “నా పని ఏమిటండీ?” అని వచ్చింది.

“మీ దీవివాళ్ళకు వెళ్ళే సందేశాలు. ఎవరికి పంపాలి, ఎన్నింటికి పంపాలి, అది చూసుకోవడం.”

“ఎన్నింటికి అన్నది కూడా నేనేనా?”

“మీరే.”

“వస్తాను” అన్నాను.

చేరి ఎనిమిది నెలలైంది. మొదటిరోజే తెలుసుకున్నాను, ఆ నిమ్మకాయ పేజీకి అట్టడుగున, చీమకాళ్ళంత అక్షరాల్లో, ‘ఇక నన్ను పిలవకండి’ అని ఒక మీట ఉంటుందని. ఆ సాయంత్రమే విస్టిన్ తాత పక్కన కూర్చుని బఠాణీలు వలుస్తూ, ఆయన పిండి వేలితోనే ఆ మీట నొక్కించాను. నిమ్మకాయ మాయమైంది. పిండి డబ్బా మళ్ళీ గుర్రుమనలేదు. అయినా ఆయన గురువారం నాలుగింటికి రావడం మానలేదు, క్లబ్బు మూసుందని అమ్మమ్మతో పోట్లాడడం మానలేదు.

ఇక మిగతా ముసలివాళ్ళ సందేశాలు. గురువారం నాలుగింటివి ఇప్పుడు ఆరింటికి వెళ్తున్నాయి. ఆ టైముకు దీవిలో సగం మంది తంబోలాలో ఉంటారు. సోమవారానివి జపమాల వేళకు వెళ్తాయి. పండుగరోజులవి సరిగ్గా టపాసులు పేలే వేళకు వెళ్తాయి, గుండె చప్పుడే వినిపించదు, ఇక ఫోనేం వినిపిస్తుంది? ఊరూరి చర్చి టైములు రాసుకుని పెద్ద పట్టిక తయారుచేశాను. నేను జీవితంలో ఇంత శ్రద్ధగా రాసినది ఇంకోటి లేదు. చూస్తే మా బడి టీచరు ఏడుస్తుంది.

“అరవై దాటినవాళ్ళు ఈ మధ్య అసలు తెరవడం లేదు. ఎందుకంటారు?” అని లిన్నేయా మొన్న కూడా అడిగింది.

“మా పెద్దవాళ్ళకు టైము సరిగ్గా తెలియదండీ” అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క క్షణం అలా చూసి, వాళ్ళమ్మకు ఫోను చేసుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ చూపుకు అర్థమేమిటో నాకింకా తెలియదు. ఉద్యోగం ఏ పొద్దున ఊడుతుందో అన్న బెంగతోనే రోజూ బస్సెక్కుతాను. మా అమ్మమ్మ వీధిలో ఇప్పటికీ పన్ను వైద్యమనే చెబుతోంది. ఎనిమిది నెలల్లో ఈ పిల్లకు ఇంకా పళ్ళు మిగిలాయా అని జుజా అత్తకు అనుమానం వచ్చింది గాని, లవంగం ఇవ్వడం మాత్రం ఆపలేదు.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. ఇమారెత్‌ల పిండి పిసుకుతూ చివరిదాకా విన్నది. మామయ్య పెళ్ళి దగ్గర ఒకసారి నవ్వింది. విస్టిన్ తాత దగ్గర మాత్రం ముక్కు తుడుచుకుని, పిండి ఎగిరిందంది.

“అమ్మమ్మా, ఒక్కటే మిగిలింది” అన్నాను. “ఆ రోజు ఫోన్లో ఉద్యోగం రావాలని అలా చెప్పావా, రాకూడదని చెప్పావా? గట్టిగా వద్దు. ఇదిగో పిండి. రాయి. ముగింపు పెట్టుకోవాలి.”

అమ్మమ్మ పిండి వంక చూడనైనా లేదు.

“నాలుగు, అయిదు, ఆరు అని టైములన్నీ సరిగ్గా రాసి పెట్టావు, బుద్ధిలేనిదానా. వాడికి చదువొచ్చిందని చెప్పానా లేదా? పో, అన్నీ తప్పుగా దిద్దుకురా.”